కాపలా చేపలు

ఊరు తాగే నీళ్లలో మొదటి గుక్క చేపలది. ఏటి ఒడ్డున ఉన్న వాటర్ వర్క్స్‌లో, పంపుల హాలు పక్కన ఒక చిన్న గది ఉంది. ఆ గదిలో మనిషి పొడవున ఒక గాజు తొట్టి. ఏటి నీళ్లు ఇసుక పడకల్లోకీ, మందుల్లోకీ, ఆ తర్వాత ఊరి గొట్టాల్లోకీ వెళ్లేముందు, ఒక పాయ ఈ తొట్టిలోంచి పారుతుంది. అందులో అదే ఏటి చేపలు పన్నెండు. నీళ్లలో విషమేదైనా కలిస్తే ముందు అవి గిలగిల్లాడాలి, ఎదురుగా కూర్చున్న మనిషి చూసి గంట కొట్టాలి, పంపులు ఆగాలి. చేపలు చచ్చి ఊరిని బతికించాలన్నమాట. కాగితం మీద చాలా తెలివైన ఏర్పాటే. కాకపోతే ఆ కాగితం రాసిన పెద్దలు ఒక సంగతి మరిచిపోయారు. రోజుకు ఎనిమిది గంటలు ఒక ఆడమనిషిని చేపల ముందు కూర్చోబెడితే, ఆవిడ వాటిని చావనిస్తుందా?

ఆ ఆడమనిషిని అక్కడ అందరూ చేపలక్క అంటారు. ఇరవై రెండో ఏట ల్యాబ్‌లో సీసాలు కడగడానికి చేరింది. పాతికేళ్లు కడిగేసరికి వేళ్ల సందులు ఒరిసిపోయి, మందునీళ్లు తగిలితే భగ్గుమనే స్థితికి వచ్చింది. అప్పుడు ఇంజనీరు జాలిపడి, "ఇక నువ్వు కూర్చునే పని చెయ్యి" అని తొట్టి ముందు కుర్చీ వేయించాడు. చూడబోతే అదీ ఒక పనేనా అనిపించే పని. గంటకోసారి చేపల్ని చూడటం, పుస్తకంలో "బాగున్నాయి" అని రాసి సంతకం చేయడం. టైలరు పని చేసే ఆవిడ మొగుడు మొదటిరోజే వేళాకోళం మొదలుపెట్టాడు.

"ముప్పై ఏళ్ల కాపురంలో నా మొహం ఒక్కసారైనా అలా చూసి, బాగున్నావా అని అడిగావుటే?"

"చేపలు నోరెత్తవు కాబట్టి అడుగుతున్నాను. నువ్వూ ఓ నెల నోరు మూసుకుని చూడు, నిన్నూ అడుగుతాను" అంది ఆవిడ.

మొదట్లో ఆ తొట్టి చూస్తే జాలేసేది. అడుగున ఇసుక లేదు, దాక్కోవడానికి రాయి లేదు, పచ్చని ఆకు లేదు. ఒక మూల నుంచి నీళ్లు ధారగా వచ్చి కొట్టేవి, ఇంకో మూల నుంచి పోయేవి. కొండల్లో పుట్టిన ఏరు కాబట్టి నడివేసవిలో చెయ్యి పెట్టినా నీళ్లు జివ్వుమంటాయి. కానీ తొట్టికి వచ్చే గొట్టం మేడ మీదుగా వేశారు. ఎండకు గొట్టం కాలి, చల్లని ఏటి నీళ్లు తొట్టిలోకి వచ్చేసరికి గోరువెచ్చగా అయ్యేవి. ఆ తొలి వేసవిలో ఒక మధ్యాహ్నం ఏడు చేపలు వెల్లకిలా తేలాయి. ఆవిడ గంట కొట్టింది. పంపులు ఆగాయి. సగం ఊరికి నాలుగు గంటలు నీళ్లు లేవు. పరీక్షలు చేస్తే నీళ్లలో ఏమీ లేదు, ఉన్నదల్లా వేడి. పైవాళ్లు ఫోన్లలో ఇంజనీరును ఉతికి ఆరేశారు. ఆయన కందగడ్డ మొహం వేసుకుని తొట్టి గదిలోకి వచ్చాడు.

"ఇకనుంచి ఆ చేపలు చావకుండా చూడు. నీ పని అదే. అర్థమైందా?"

"అలాగే సార్" అంది ఆవిడ. అన్న మాట తు.చ. తప్పకుండా నిలబెట్టుకుంది. తప్పంతా అక్కడే మొదలైంది.

క్యాంటీన్‌లో మూలపడ్డ పాత వాటర్ కూలర్ ఒకటి ఉంది. ఎలక్ట్రీషియన్‌ను బతిమాలి, దాని కంప్రెసరుకు స్టీలు గొట్టపు చుట్ట తగిలించి, తొట్టిలోకి వచ్చే నీళ్లను చల్లబరిచే ఏర్పాటు చేయించింది. పద్దెనిమిది డిగ్రీలు. పందొమ్మిది అయితే ఆవిడకే చెమట పట్టేది. ఏటి ఇసుకను ఏడుసార్లు కడిగి పరిచింది. రేవులో నడుము లోతు దిగి, రిబ్బన్లలా పొడుగ్గా పెరిగే నీటిగడ్డిని వేళ్లతో సహా తెచ్చి నాటింది. మొగుడి దారపు ఉండలు కొట్టుకొచ్చి గులకరాళ్లకు నాచు కట్టింది. నాలుగు నెలల్లో నేర్చుకోవాల్సినవన్నీ నేర్చుకుంది. దీపం ఎక్కువసేపు వెలిగితే గాజుకు పాచి పడుతుంది. మేత ఒక చిటికె ఎక్కువైతే ఇసుక కుళ్లుతుంది. ఫిల్టరు స్పాంజిని కుళాయి నీళ్లతో కడిగితే అందులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, రెండోరోజుకు చేపలూ చస్తాయి. కాబట్టి తొట్టి నీళ్లలోనే పిండాలి. అడుగు మురికి రబ్బరు గొట్టంతో పీల్చి తీయాలి, అప్పుడప్పుడూ కాస్త నోట్లోకి కూడా వస్తుంది, ఉమ్మేయాలి.

చచ్చిన ఏడింటి చోట ఏటి నుంచి కొత్తవి తెచ్చాక, చేపల్లో పది వెండి రంగు బేడిసలు, రెండు రాళ్ల అడుగున నక్కే మచ్చల చేపలు. అందరినీ తోసుకుంటూ తొట్టి ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగే పెద్ద బేడిసకు కండక్టరని పేరు పెట్టింది. మేత పడినప్పుడు మాత్రమే బయటికి వచ్చే మచ్చల చేపకు ఇంజనీరని పేరు పెట్టింది. ఈ రెండో పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నీటిధార జోరుకు గడ్డి వేళ్లు లేచిపోతున్నాయని వాల్వు తిప్పి ధారను దారమంత సన్నం చేసింది. మరుసటి వేసవిలో ఏటి నీళ్లకు ఏదో నీచు వాసన పట్టింది. ల్యాబ్‌లో చూస్తే ప్రమాదమేమీ లేదన్నారు. అయినా చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆవిడ ప్రాణం గిలగిల్లాడింది. ల్యాబ్‌లో కెమిస్టుగా చేసే అమ్మాయి ఏదో మాటల్లో, "బొగ్గు వాసనల్నీ విషాల్నీ తాగేస్తుందక్కా. ఎప్పుడో ప్రయోగానికని ఒక బస్తా తెప్పించారు, స్టోరులో అలాగే పడి ఉంది" అంది. చేపలక్క ఆ బస్తాలోంచి గుప్పెళ్లతో తెచ్చి ఒక ప్లాస్టిక్ డబ్బా నింపి, తొట్టి వెనక, గొట్టం మధ్యలో బిగించింది. ఒక్క పూటలో నీళ్లు తళతళలాడాయి. చేపలు కిందికి దిగి ఆటలు మొదలుపెట్టాయి. అప్పటినుంచి నెలకోసారి బొగ్గు మార్చడం కూడా ఆవిడ పనుల్లో ఒకటైపోయింది.

ఆ తర్వాత రెండేళ్లు ఒక్క చేప చావలేదు. పైనుంచి ఎవరొచ్చినా ఇంజనీరు ముందు తొట్టి గదికే తీసుకొచ్చేవాడు. వాళ్లు పచ్చగడ్డి ముందు నిలబడి ఫోటోలు దిగేవారు. వెనకాల ఆ డబ్బా ఏమిటని ఒక్కరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. దాస్తున్నానని అనుకోనూ లేదు. కాపలాకు పెట్టిన కుక్కకు చలేస్తుందని దుప్పటి కప్పి నిద్రపుచ్చిన సంగతి ఆవిడకు తట్టనే లేదు.

ఇంట్లో ఆవిడా, మొగుడూ, మొగుడి అక్కా. ఈ వదినగారు ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు చేసి రిటైరైన మనిషి. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను ఒక్క కేకతో లోపలికి లాగిన నోరు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది, కుట్టుమిషను కొనిచ్చింది, పెళ్లి చేసింది. మరదలికి వాటర్ వర్క్స్ ఉద్యోగం ఖాళీ ఉందని పేపర్లో చూసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దరఖాస్తు రాయించిందీ ఆవిడే. ఇప్పుడు మూత్రపిండాలు బలహీనం. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలన్నాడు డాక్టరు. ఆవిడకు నీళ్లంటే బద్ధకం. చేపలక్క గ్లాసు పట్టుకుని ఇల్లంతా వెంటపడి తాగించేది.

తొలకరి వానలు పడిన వారంలో ఒక పొద్దున వదిన గ్లాసు సగంలో దించింది.

"నీళ్లేమిటే చేదుగా ఉన్నాయి?"

"నీ నోరు చేదు వదినా, నీళ్లు కాదు. జ్వరం తగిలిందేమో."

"నా నోరు నాకు తెలీదా? ఏదో రంగు డబ్బా వాసనొస్తోందే."

"మా చేపలు తాగే నీళ్లే నువ్వూ తాగుతున్నావు. నిన్న సాయంత్రం కూడా చూశాను, ఎలా గంతులేస్తున్నాయో! వంకలు పెట్టకు. తాగు."

వదిన తాగింది. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు కూడా. మూతి ముడుచుకుంటే చేపలక్కే గడ్డం పట్టుకుని తాగించింది. నాలుగో రోజు వదిన వాంతులు చేసుకుంటూ బాత్రూములో పడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్తే వరండాలో కూడా చోటు లేదు. వాళ్ల వీధి వాళ్లు, పక్క వీధి వాళ్లు, మొత్తం మూడు వందల మంది. అందరికీ అవే వాంతులు, అదే తలనొప్పి. పంపులు ఆపేసి, ట్యాంకర్లతో నీళ్లు పోయించడం మొదలుపెట్టారు. మిగతావాళ్లు వారంలో తేరుకున్నారు. వదిన మూత్రపిండాలు మాత్రం తేరుకోలేదు. ఇక బతికినన్నాళ్లూ వారానికి రెండుసార్లు డయాలసిస్ మిషను పక్కన పడుకోవాలన్నారు.

"నీళ్లలోనే ఏదో కలిసిందంటున్నారమ్మా" అంది నర్సు, చేర్చిన రోజు రాత్రి సూది గుచ్చుతూ.

"నీళ్లలో ఏమీ లేదు. మా చేపలు శుభ్రంగా ఉన్నాయి" అంది చేపలక్క ఠక్కున.

మర్నాడు బొగ్గు మార్చే రోజు. డబ్బా మూత తిప్పగానే గుప్పుమని వాసన కొట్టింది, కొత్తగా రంగులేసిన తలుపు వాసన. బొగ్గు జిగటగా వేళ్లకు అంటుకుంది. ఆవిడ అలాగే నేల మీద కూలబడింది. "ఏదో రంగు డబ్బా వాసనొస్తోందే" అన్న మాట చెవిలో రింగుమంది. విషమంతా ఈ డబ్బాలో ఆగింది, చేపలకు చేరలేదు. వదినకు మాత్రం చేరింది, అదీ తన చేత్తోనే. ఆ తర్వాత జరిగిందే ఆవిడను ఎక్కువ కాల్చింది. ఇంత తెలిశాక కూడా లేచి, పాత బొగ్గు పారేసి, కొత్త బొగ్గు నింపి, డబ్బా మళ్లీ బిగించింది. చేతులు వాటంతటవే చేశాయని తనకు తాను చెప్పుకుంది. చేతులకు తల ఉండదు కాబట్టి అవి ఎదురు చెప్పలేదు.

రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు పది రోజులు సాగింది. మింగలేక కక్కలేక తిరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చిన వదిన, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే మాట చెప్పేది. "మా మరదలు గ్లాసు పట్టుకుని వెంటపడకపోతే ఈపాటికి పోయేదాన్ని. తోడబుట్టిందైనా అంత చెయ్యదు." ఆ మాట విన్నప్పుడల్లా చేపలక్క వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. తిట్టినా అంత కోత ఉండేది కాదు.

విచారణకు ఒక పెద్దాయన వచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుంటూ తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఎంత బాగా పెంచావమ్మా" అన్నాడు. తర్వాత అడిగాడు.

"ఆ వారం చేపలు ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయండి."

అది నిజమే. నిజం చెప్పి అంత పాపం మూటగట్టుకోవచ్చని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. పెద్దాయన లెక్క సూటిగా సాగింది. చేపలు బాగున్నాయి కాబట్టి ఏటి నీళ్లు మంచివే. అంటే తప్పు లోపల జరిగింది. లోపల మందులు కలిపించేది కెమిస్టు. మోతాదు తప్పించి ఉంటుంది. ల్యాబ్‌లో రోజూ చేసే పరీక్షలు మట్టికీ, క్రిములకూ. ఇలాంటి రసాయనం ఉందేమో చూసే పెద్ద పరీక్ష చేపలకు ఏదైనా అయితేనే చేస్తారు. చేపలకేమీ కాలేదు కాబట్టి ఆ అమ్మాయి చేయలేదు, జనం పడిపోయాక పెద్దాయనా చేయించలేదు. చేయాల్సిన నియమమూ లేదు. అయినా పంపులు ఆగిన పన్నెండో రోజుకు సస్పెన్షను కాగితం తయారైంది. మందులు కలిపే మిషను మార్చారు. మధ్యాహ్నం మూడింటికి పంపులు మళ్లీ వేస్తామన్నారు.

ఆ పొద్దున చేపలక్క ఒక ఉపాయం పన్నింది. మూడింటిలోపు చప్పుడు చేయకుండా డబ్బా తీసేస్తే సరి. ఏటిలో ఇంకా విషం ఉంటే చేపలకు తెలుస్తుంది, గంట కొట్టొచ్చు, పంపులు వేయరు. ఊరు బతుకుతుంది, తన సంగతి ఎవరికీ తెలియదు. కెమిస్టు సంగతి? ఇప్పుడే కొత్తగా ఏదో కలిసిందంటారు, పాత నేరం ఆ అమ్మాయి నెత్తినే ఉంటుంది. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆలోచనను పక్కకు తోసేసి, తొట్టి వెనక్కి వెళ్లి డబ్బా మీద చెయ్యి వేసింది.

సరిగ్గా అప్పుడే కెమిస్టు లోపలికి వచ్చింది. చేతిలో అట్టపెట్టె, అందులో తన కప్పు, చెప్పులు, రెండు పుస్తకాలు. ఆరేళ్ల ఉద్యోగం ఆ పెట్టెలో పట్టేసింది.

"వెళ్తున్నానక్కా. మీకు చెప్పి వెళ్దామని వచ్చాను."

చేపలక్క చెయ్యి ఇంకా డబ్బా మీదే ఉంది.

"రాత్రంతా లెక్కలన్నీ మళ్లీ చూసుకున్నాను" అంది ఆ అమ్మాయి, తొట్టి వంక చూస్తూ. "ఎక్కడా తప్పు దొరకలేదు. కానీ మీ చేపలు అబద్ధం చెప్పవు కదా. ఎక్కడో నేనే తప్పు చేసి ఉంటాను. ఎక్కడో తెలిస్తే బాగుండేది."

చెయ్యని తప్పు కోసం ఆ పిల్ల వెతుక్కుంటోంది. చేసిన తప్పు మీద తాను చెయ్యి వేసుకుని నిలబడింది. చేపలక్కకు తన మీద తనకే అసహ్యం వేసింది. వచ్చి ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని, పెట్టె కింద పెట్టించి, తిన్నగా ఇంజనీరు గదిలోకి లాక్కెళ్లింది. విచారణ పెద్దాయన అక్కడే టీ తాగుతున్నాడు.

"తప్పు ఈ అమ్మాయిది కాదండి, నాది" అని మొదలుపెట్టి, బొగ్గు డబ్బా సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది.

"ఏం మాట్లాడుతున్నావ్ నువ్వు? ఇంట్లో మనిషికి బాగోలేక మతి పోయినట్టుంది" అన్నాడు ఇంజనీరు.

"అలా చేయమని నీకెవరు చెప్పారు?" అన్నాడు పెద్దాయన.

చేపలు చావకుండా చూడు, నీ పని అదే. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. ఇంజనీరుకూ గుర్తున్నట్టుంది, బల్ల మీది పేపర్‌వెయిట్‌ను ఊరికే అటూ ఇటూ జరుపుతున్నాడు. చావకుండా చూడమన్నాడు గానీ, కళ్లకు గంతలు కట్టమనలేదు కదా అనుకుంది ఆవిడ.

"ఎవరూ చెప్పలేదండి. నేనే చేశాను."

"రుజువు?"

"రండి, చూపిస్తాను."

తొట్టికి నీళ్లు తెచ్చే చిన్న మోటారు వేరు. పెద్ద పంపులు ఆగినా అది నడుస్తూనే ఉంది. ముగ్గురూ చూస్తుండగా ఆవిడ డబ్బా విప్పి పక్కన పెట్టింది, గొట్టాన్ని గొట్టానికి తగిలించింది, రెండేళ్ల కిందట సన్నం చేసిన వాల్వును పూర్తిగా తిప్పింది. ఏటి నీళ్లు ధారగా పడ్డాయి. గడ్డి వేళ్లతో సహా లేచి ఒక మూలకు కొట్టుకుపోయింది. ఇసుక రేగింది.

పది నిమిషాలు ఏమీ కాలేదు. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. పావుగంటకు బేడిసలు ఒక్కొక్కటే పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. కండక్టరు మాత్రం ఎప్పటిలా తిరుగుతూనే ఉంది, తిరుగుతూ తిరుగుతూ ఒక పక్కకు ఒరిగింది, మళ్లీ సర్దుకుంది, మళ్లీ ఒరిగింది. మేతకు తప్ప రాయి వదిలి రాని మచ్చల చేప గాజుకు తల బాదుకుంది.

"చాలు, చాలు, నమ్మాను. కట్టెయ్" అన్నాడు ఇంజనీరు.

ఆవిడ వాల్వు మీద నుంచి చెయ్యి తీయలేదు. "కాగితం మీద రాయమనండి సార్. పంపులు వెయ్యొద్దనీ, ఈ అమ్మాయి తప్పు లేదనీ. రాశాకే కడతాను."

పెద్దాయన జేబులో కలం వెతుక్కున్నాడు. కలం దొరికి, రాసి, సంతకం చేసేసరికి ఎనిమిది చేపలు వెల్లకిలా తేలాయి. ఆవిడ ఒక్కొక్కదాన్నీ చూసింది. ఏడుపు ఆపుకోలేదు, చెయ్యీ తీయలేదు. కెమిస్టు మాత్రం ఈలోగా పరుగెత్తుకెళ్లి సీసాలు తెచ్చి తొట్టి నీళ్లు పట్టింది. సాయంత్రానికి పరీక్షలో రసాయనం బయటపడింది. మర్నాడు ఏటి పైన, మూతపడ్డ రంగుల గోదాము గోడ వానకు కూలి, డ్రమ్ములు కారుతూ కనిపించాయి.

సస్పెన్షను కాగితం మీద పేరు మారింది. చేపలక్క సంతకం పెట్టి తీసుకుంది. గేటు దాకా కెమిస్టు వెంట వచ్చింది. థాంక్స్ చెప్పలేదు, తిట్టలేదు. "రెండేళ్లు నీళ్లు మంచివని నేను రోజూ సంతకం పెట్టింది దేని మీదక్కా?" అని మాత్రం అడిగింది. జవాబు కోసం ఆగకుండా వెనక్కి తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి మొగుడు కొట్టులో ఉన్నాడు. వదిన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మిషను దగ్గరికి వెళ్లొచ్చిన రోజు కావడంతో మొహం పీక్కుపోయింది. చేపలక్క చెప్పులైనా విప్పకుండా మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పింది. డబ్బా సంగతి, జిగట బొగ్గు సంగతి, కొత్త బొగ్గు నింపిన సంగతి, పది రోజులు నోరు కట్టుకున్న సంగతి. అంతా అయ్యాక వదిన కిటికీ వైపు తిరిగింది.

"చేసిన పాపం చెబితే పోతుందంటారు వదినా" అంది చేపలక్క, ఏమీ తోచక.

"నీది పోయింది, నిజమే" అంది వదిన. "చెప్పేసి నువ్వు తేలికపడ్డావు. ఇప్పుడది నా నెత్తిన పెట్టావు. నిన్ను తిట్టాలా, నువ్వు వండింది తినాలా అన్నది నేను తేల్చుకోవాలి. లేచి నా అంతట నేను వండుకోలేను కూడాను. ఆ దారీ నువ్వే మూశావు."

చేపలక్క తల వంచుకుంది.

"లే. అన్నం పెట్టు. ఖాళీ కడుపుతో తిట్టలేను."

ఆవిడ లేచి, చేతులు కడుక్కుని, కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. వదిన నెమ్మదిగా, ఒక్కో ముద్దా నమిలి, మొత్తం తింది. చెయ్యి కడిగించుకుంది. చీరకొంగుతో మూతి తుడుచుకుంది. ఆ తర్వాత మొదలుపెట్టింది. పక్కింటివాళ్లు గుమ్మంలోకి వచ్చి చూసేంత గట్టిగా, కొట్టు మూసి వచ్చిన తమ్ముడు గడపలోనే ఆగిపోయేలా తిట్టింది. చేపలక్క ఎంగిలి కంచం పట్టుకుని అలాగే నిలబడి, ఒక్క మాటకూ అడ్డు చెప్పకుండా అంతా విన్నది.